మేకు అక్కర్లేని రివాల్వర్

"నా రివాల్వరా? రెండు నిమిషాల్లోనా?"

డెల్ఫియా నోబుల్ పడీ పడీ నవ్వింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. జైలు గదిలో ఇనుప మంచం అంచున కూర్చుని ఉంది. మధ్యాహ్నం రెండింటికి హత్యానేరం మీద జడ్జి ముందు నిలబడాలి. అయినా కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది.

"ర్యూబెన్ నాయనా, దాన్లోంచి పేలిన తూటాల ఖాళీ తొడుగులు ఆరూ బయటికి తీసేలోపు నేను పెనం నిండా మొక్కజొన్న రొట్టె కాల్చి దించుతాను."

ర్యూబెన్ ఫ్యూగేట్ నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఐదు.

ర్యూబెన్ ఆ కొండ జిల్లాకి కరోనర్. చచ్చినవాడు ఎలా చచ్చాడో తేల్చి చెప్పడానికి జనం ఓట్లేసి ఎన్నుకున్న అధికారి. శవపేటికలు అమ్మేదీ, గోతులు తవ్వించేదీ కూడా ఆయనే. ఇంట్లో ఎవరు పోయినా, ఎలా పోయినా, అందరూ తట్టేది ఆ ఒక్క తలుపే. పట్నం నుంచి దిగిన స్టేట్ పోలీసు డిటెక్టివ్ ప్రెంటిస్ వాల్డెన్‌కి ఈ ఏర్పాటు చూస్తే ఒకటే వెటకారం.

కేసు చూడబోతే వాల్డెన్ జేబులో ఉన్నట్టే ఉంది. శనివారం ఉదయం ఎస్టిల్ స్టాంపర్ తన పొగాకు కొట్టం గుమ్మంలో చచ్చిపడ్డాడు. పేలినవి తొమ్మిది పొడుగు తూటాలు. ఆరు ఖాళీ తొడుగులు నేలమీద దొరికాయి. ఆదివారం డెల్ఫియా కోళ్ళ గూట్లో రివాల్వర్ దొరికింది, దాన్లో ఇంకో మూడు ఖాళీవి ఉన్నాయి. తూటాలు ఆ రివాల్వర్‌వేనని పరీక్షలో తేలింది. పగ కూడా ఉంది. ఎస్టిల్ తన కొండని బొగ్గు తవ్వేవాళ్ళకి రాసిచ్చాడు. బుల్డోజర్లు వచ్చి డెల్ఫియా బావిని బురదతో నింపాయి, పై గట్టున సమాధుల్ని తోసేశాయి. "ఈసారి వాడితో తుపాకీయే మాట్లాడుతుంది" అని ఆవిడ చర్చిలో నలుగురి ముందూ అన్నది.

"ఆ మాట అన్నావా పిన్నీ?"

"అన్నా. పాస్టరు మీద కూడా అన్నా ఒకసారి. ఆయన బతికే ఉన్నాడుగా?"

"రివాల్వర్ ఆఖరిసారి ఎప్పుడు పేల్చావు?"

"బుధవారం. ఎలక మీద. రెండు పేల్చా."

"పొడుగు తూటాలా, పొట్టివా?"

"పొట్టివే. పొడుగువి పేలిస్తే ఆ మోతకి కోళ్ళు మూడు రోజులు గుడ్లు మానేస్తాయి. లోయలో ఎవరైనా పొట్టివే వాడతారు, నీకు తెలీదా?"

"ఖాళీవి ఎలా తీశావు?"

"మేకుతో." ఆవిడ చేతులు చాపింది. వేళ్ళ కణుపులు ఉబ్బి, వంకర తిరిగి ఉన్నాయి. "ఖాళీల్ని బయటికి నెట్టే తోపుడు కడ్డీ నొక్కితే ఒక్కటీ కదలదు. మా ఆయన రేడియోలో బేస్‌బాల్ వింటూ, ఖాళీ రివాల్వర్‌ని గంటల తరబడి టిక్కు టిక్కుమనిపించేవాడు. వద్దంటే వినేవాడా! అప్పట్నుంచీ దానికి ఈ మొండితనం. మేకుని తాడుకి కట్టి కోళ్ళ గూట్లో రివాల్వర్ ఒర పక్కనే వేలాడేశా. ఒక్కోదాన్నీ ముందు నుంచి మేకు పెట్టి సుత్తితో కొట్టాలి."

"ఆ తర్వాత రివాల్వర్ చూశావా?"

"ఒర చూశా, మూత వేసి రోజూ వేలాడుతూనే ఉంది. ఎలక రాంది లోపల చెయ్యి పెట్టడం ఎందుకు? గురువారం అయితే ఇంట్లోనే లేను, బొంతలు కుట్టడానికి చర్చికి వెళ్ళాం ఆడవాళ్ళమంతా."

"ఇదంతా వాల్డెన్‌కి చెప్పావా?"

"చెప్పా. పచ్చి అబద్ధాలకోరు ముసలిదాన్నన్నాడు." అప్పటిదాకా ఉన్న నవ్వు ఆ మాటతో పోయింది. "రెండింటికి ఆ జడ్జి ఊ అన్నాడంటే నూటపాతిక మైళ్ళ అవతల పెద్ద జైలుకి పంపుతారటగా? అక్కణ్ణుంచి నేను తిరిగి రాను ర్యూబెన్. నువ్వు వచ్చి పెట్టెలో తెచ్చుకోవాల్సిందే. నా కోళ్ళకి ఎవరైనా మేత వేస్తున్నారా?"

"నేను చూస్తా పిన్నీ," అన్నాడు ర్యూబెన్. తలూపి లేచాడు.

*

పదకొండూ ఇరవైకి షెరిఫ్ కచేరీ వెనక పెరట్లో వాల్డెన్ ఇసక బస్తాల ముందు నిలబడి ఉన్నాడు. ముప్పై రెండేళ్ళు, మెరుగు పెట్టిన బూట్లు, మెరుగు పెట్టిన నవ్వు.

"రండి శవాల సారూ! నా కొలతలు తీసుకోవడానికొచ్చారా?"

"నువ్వింకా ఎదిగే వయసులో ఉన్నావు బాబూ. ఆ పని తర్వాత చేద్దాం. రివాల్వర్ చూపించు."

వాల్డెన్ చూపించడమే కాదు, ఆట కూడా ఆడాడు. పాయింట్ టూటూ రివాల్వర్. అంచు మీద దెబ్బ తగిలితే పేలే బుల్లి తూటాలు. ఆరు పొడుగువి దూర్చాడు, ఆరూ ఇసకలోకి పేల్చాడు, తూటాల చక్రం పక్కకి తెరిచి తోపుడు కడ్డీ మీద బొటనవేలు వేశాడు. ఒక్క నొక్కు. ఆరు ఖాళీ తొడుగులూ గలగలమంటూ అతని బూట్ల మీద రాలాయి.

"ఎంతసేపు పట్టింది? నాలుగు సెకన్లు! మేకట, సుత్తట! మీ పిన్నిగారు కథలు బాగా అల్లుతుంది."

ర్యూబెన్ వంగి ఒక తొడుగు తీసుకున్నాడు. వేడిగా ఉంది. ఆ రివాల్వర్ ఇలా ఉమ్మేయడం ఆ లోయలో ఎవరూ ఏనాడూ చూడలేదు.

"ఎస్టిల్ కొట్టానికి వాగవతల ఉండే బ్యూలా ఏం విన్నదో మళ్ళీ చెప్పు."

"రేడియోలో మరణవార్తలు మొదలవుతుండగా ఆరు పేలుళ్ళు. అవి ముగుస్తుండగా మూడు."

"ఆ మరణవార్తలు రాసి పంపేది నేనే. శనివారం జాబితాలో ఇద్దరే ఉన్నారు. చదవడానికి నిమిషం యాభై సెకన్లు."

"అదే కదా నేను మొత్తుకునేది!" వాల్డెన్ చప్పట్లు కొట్టాడు. "ఆవిడ చెప్పేదే నిజమైతే ఆ టైములో ఆరు తీసి మూడు పెట్టడం కుదరదు. కానీ జరిగింది. అంటే ఆవిడ చెప్పింది అబద్ధం. ఇంతే సంగతి!"

ర్యూబెన్ జేబులోంచి భూతద్దం తీసి, చక్రాన్ని ఎండకి పట్టి, తూటాలు కూర్చునే ఆరు గూళ్ళలోకీ ఒక్కొక్కటిగా చూశాడు. చూస్తున్నకొద్దీ ఒళ్ళు మండింది.

"ఎందుకు శుభ్రం చేశావయ్యా దీన్ని?"

"ఏంటీ?"

"జడ్జి ముందు ముచ్చటగా కనబడాలని రుద్దావా? పొట్టి తూటాలు పేలిస్తే గూడు మధ్యలో మసి వలయం కడుతుంది. పదిహేనేళ్ళ మసి రాయిలా ఉంటుంది. పొడుగు తూటా దాన్ని దాటి వెళ్ళి ఇరుక్కుపోతుంది. ఇక్కడ మసి ఏది? ఇందాక నువ్వు పేల్చిన పొగ తప్ప అద్దంలా మెరుస్తోంది!"

వాల్డెన్ మొహం ఎర్రబడింది. "నోరు జాగ్రత్త! సాక్ష్యాన్ని రుద్దుతానా నేను? ఆదివారం పొద్దున ఆ ఒరలోంచి తీసిన క్షణం నుంచీ అది నా తాళం కింద ఉంది. గుడ్డపేలిక కూడా తగల్లేదు. కావాలంటే బైబిలు తెండి!"

కోపం నిజమైనదే. ర్యూబెన్ వేలాదిమంది దుఃఖాన్ని దగ్గర నుంచి చూసినవాడు, నటనకీ నిజానికీ తేడా పట్టగలడు. నువ్వు కాకపోతే ఇంకెవరు అనుకున్నాడు.

"ఇటు చూడు. గూటి అంచున గంటు కనబడుతోందా? ఖాళీగా టిక్కుమనిపించినప్పుడు, తూటాని పేల్చే ముల్లు గుద్దిన చోటు. అలా గుద్దితే అక్కడి లోహం లోపలికి పొడుచుకొచ్చి తొడుగుని పట్టేస్తుంది. గంటు ఉంది, పొడుచుకొచ్చిన లోహం లేదు. ఎవరో దాన్ని వెనక్కి నొక్కేశారు. ఈ రివాల్వర్‌ని బాగుచేశారు వాల్డెన్."

"అయితే ఆవిడే బాగుచేయించి చంపింది. నాకు ఇంకా మంచిదే."

"బాగుచేయించుకున్న మనిషి తాడుకి మేకు అలాగే వేలాడేసుకుంటుందా? ఇందాకటి కడ్డీ నొక్కుడు ఆవిడ ముందు చేసి చూపించావా?"

"నిందితురాలి ముందు తుపాకీతో ఆటలాడాలా?"

"ఆడి ఉంటే ఆవిడ మొహం నీకు సగం కేసు చెప్పేది. ఆవిడకి తెలీదయ్యా!" ర్యూబెన్ టోపీ పెట్టుకున్నాడు. "కొట్టంలో దొరికిన తొడుగులు, రివాల్వర్‌లో దొరికిన మూడూ కూడా తీసుకురా. కోళ్ళ గూటికి పోదాం."

"నేనెందుకు?"

"నువ్వు రాకపోతే అక్కడ దొరికినవన్నీ నేనే పెట్టానంటావు కాబట్టి."

వాల్డెన్ పళ్ళు నూరుకుంటూ కారు తాళాలు తీశాడు.

*

పన్నెండూ పది. కోళ్ళు రెండు రోజుల ఆకలి మీద ఉన్నాయి, వాల్డెన్ బూట్లని పొడిచి పొడిచి పెట్టాయి. ర్యూబెన్ మేత డబ్బా అతని చేతిలో పెట్టాడు.

"నేను స్టేట్ డిటెక్టివ్‌ని!"

"వాటికి తెలీదు. చల్లు."

గోడకి ఖాళీ ఒర, పక్కనే తాడుకి తుప్పు పట్టిన మేకు, దాని కింద చిన్న సుత్తి. ర్యూబెన్ మోకాళ్ళ మీద వంగి గడ్డిలో, రెట్టలో వెతికాడు. పది నిమిషాల్లో పదమూడు పొట్టి తొడుగులు దొరికాయి. పదకొండు నల్లబడ్డాయి. రెండు ఇంకా పచ్చగా, కొత్తగా ఉన్నాయి. పైపైనే పడి ఉన్నాయి.

"ఇవి బుధవారం ఎలకవి." అద్దం వాల్డెన్‌కి ఇచ్చాడు. "పక్కన ఏముంది?"

"గీత. నిలువుగా." వాల్డెన్ ఇంకోటి తీశాడు. "దీనికీ ఉంది. మూతి కూడా సొట్టబోయింది."

"సొట్ట మేకుది. గీత ఆ పొడుచుకొచ్చిన లోహం గీసింది. పదమూడింటికీ ఉంది. ఇప్పుడు శనివారంవి చూడు."

వాల్డెన్ కవరు విప్పాడు. ఒకటి చూశాడు. రెండోది చూశాడు. తొమ్మిదీ చూసి, మళ్ళీ మొదటిది తీశాడు. ఒక్కదానికీ గీత లేదు. అన్నీ నున్నగా ఉన్నాయి.

"బుధవారానికి మొండిగా ఉంది," అన్నాడు మెల్లగా. "శనివారానికి బాగుపడింది."

"గురువారం లోయలో ఆడవాళ్ళంతా చర్చిలో ఉన్నారు. తలుపుకి గడియ కూడా లేదు. ఒరని వదిలేసి రివాల్వర్ పట్టుకుపోయారు. శనివారం పని కాగానే తెచ్చి ఒరలో పెట్టేశారు."

"చంపడానికి దొంగిలించినవాడు కూర్చుని దాన్ని బాగుచేస్తాడా? ఎవడండీ అంత ఓపికమంతుడు?"

ర్యూబెన్‌కి సమాధానం తట్టింది. ఆ లోహాన్ని గూడు చెడకుండా వెనక్కి నొక్కాలంటే దానికని చేసిన ఉక్కు కడ్డీ కావాలి, దాన్ని తిప్పే చెయ్యి కావాలి. ఆ జిల్లాలో రెండూ ఉన్నది ఒక్కడి దగ్గరే. ఆరేళ్ళ కిందట ఆ మనిషి భార్యని ర్యూబెనే పాతిపెట్టాడు, పై గట్టున.

"పద," అన్నాడు. "గంటన్నర కూడా లేదు."

*

గ్రోవర్ ఐసన్ తుపాకుల మరమ్మతు కొట్టులో ఒంటిగంటా ఐదుకి అడుగుపెట్టారు. డెబ్బై దాటిన మనిషి, సోడాబుడ్డి కళ్ళద్దాలు, నడుముకి కట్టిన నూనె మరకల తోలు గుడ్డ. బల్ల మీద పనిముట్లు వరసలో ఉన్నాయి. మూల ఇసక నింపిన పీపా, పేల్చి చూసుకోవడానికి.

"ర్యూబెన్! కూర్చో. ఈ మెరుపుల బూట్లాయన ఎవరు?"

"స్టేట్ డిటెక్టివ్, బాబాయ్. నాతోనే తిరుగుతున్నాడు, పాపం దారి తెలీదు." ర్యూబెన్ రివాల్వర్ బల్ల మీద పెట్టాడు. "డెల్ఫియా పిన్నిది. దీన్ని నువ్వెప్పుడైనా ముట్టుకున్నావా?"

గ్రోవర్ దాని వంక చూడలేదు. "ఎప్పుడిచ్చింది కనుక? పదేళ్ళుగా అడుగుతున్నా. చర్చి మెట్ల మీద అడిగా, మా ఆవిడ ఓనీటా అంత్యక్రియలనాడూ అడిగా. 'మేకు ఉండగా నువ్వెందుకు గ్రోవర్' అంటుంది. తల్చుకుంటే చాలు, నాకు ఒళ్ళంతా దురదెత్తుతుంది."

"అయితే నువ్వు కాదన్నమాట."

"కాదు."

కాదన్న మనిషిని ఔననిపించడానికి కోర్టులో నెలలు పడుతుంది. ర్యూబెన్‌కి యాభై నిమిషాలే ఉంది. చెయ్యబోయే పనికి తనకే సిగ్గేసింది, అయినా చేశాడు.

"నేనూ అదే అన్నా. ఇంత చెత్తపని గ్రోవర్ ఐసన్ చెయ్యడన్నా. స్టేట్ ల్యాబ్ వాళ్ళు ఉత్తరం రాశారు బాబాయ్. ఎవడో బర్మా పెట్టి గూళ్ళన్నీ తొలిచేశాడట. పెద్దవైపోయాయట. తూటాలు లోపలే చీలిపోతాయట."

"ఏ ఉత్త..." అని వాల్డెన్ నోరు తెరిచాడు. ర్యూబెన్ మడమ ఆ మెరుపుల బూటు మీద బలంగా దిగింది. వాల్డెన్ నోరు మూసుకున్నాడు.

గ్రోవర్ చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

"బర్మానా?"

"అవును. కంసాలి కొట్టుకి గొడ్డలి పట్టుకొచ్చినట్టు చేశాడట. ఆ రివాల్వర్ ఇక పాత ఇనుముకే పనికొస్తుందట."

"ఏ వెధవ రాశాడా ఉత్తరం?" ముసలాయన లేచి నిలబడ్డాడు. రివాల్వర్‌ని లాక్కుని చక్రం తెరిచి దీపానికి పట్టాడు. "కళ్ళున్నాయా వాడికి? ఇది తొలిచినట్టుందా? మసిని మూడుసార్లు నానబెట్టి ఇత్తడి కుంచెతో తీశా! అంచు లోహాన్ని కడ్డీతో వెనక్కి నొక్కా, కోసి పారెయ్యలా! కర్రపుల్లకి మెరుగు పెట్టే మెత్తటి ముద్ద రాసి చేత్తో తిప్పా, గురువారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం పొద్దుగూకేదాకా! వెంట్రుకంత లోహం కూడా పోలేదు. నలభై ఏళ్ళ పనిలో ఇంత నున్నగా..."

ఆగిపోయాడు.

ముగ్గురూ ఆ మాట విన్నారు. ముగ్గురికీ అర్థమైంది.

గ్రోవర్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. సొరుగు లాగి ఒక తూటాల పెట్టె తీశాడు.

"తుపాకీ కింద పెట్టు!" వాల్డెన్ చెయ్యి తన ఒర మీదకి పోయింది.

"ఆగు," అన్నాడు ర్యూబెన్.

గ్రోవర్‌కి ఇద్దరి మాటా వినబడలేదు. ఆరు తూటాలు పెట్టాడు. పీపాలోకి ఆరూ పేల్చాడు. చక్రం తెరిచి ఒక్క నొక్కు నొక్కాడు. ఆరూ రాలాయి. ఇంకో మూడు పెట్టి చక్రం మూశాడు. ర్యూబెన్ గడియారం చూశాడు. అంతా కలిపి నలభై సెకన్లు.

"చూశావా? ఒక్కటన్నా పట్టేసిందా? చీలిందా?"

"లేదు బాబాయ్. నేను అబద్ధమాడాను. ఉత్తరం లేదు. ఇంత మంచి పని నేనెప్పుడూ చూడలేదు." ర్యూబెన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మూడే ఎందుకు పెట్టావు?"

"ఆ రోజు జేబులో మిగిలినవి మూడే. ముందు ఆరింట్లో ఒక్కటే తగిలింది వాడికి, అదీ భుజానికి. నా కళ్ళు అంత గొప్పవి కావుగా." మూడు తూటాల రివాల్వర్ అతని చేతిలో మెల్లగా పైకి లేస్తోంది, ఎటు తిరుగుతుందో దానికే తెలియనట్టు. "ఓనీటా పెట్టె బయటపడింది ర్యూబెన్. నువ్వు దింపిన పెట్టె. బుల్డోజరు దాన్ని వాగులోకి తోసింది. ఎస్టిల్ దగ్గరికెళ్తే, కాగితం మీద సంతకం అయిపోయింది, ఇక నేనేం చెయ్యనన్నాడు. నా తుపాకులన్నీ అందరూ గుర్తుపడతారు. అందుకని ఇది తెచ్చా. ఉన్నదున్నట్టు వాడదామనే తెచ్చా. బల్ల మీద పెట్టి ఒకసారి తోశా, ఒక్కటీ రాలేదు. ఇక చేతులు ఊరుకోలేదు."

ఉన్నదున్నట్టే వాడి ఉంటే ఆరో తూటాతో రివాల్వర్ మూగబోయేది, ఎస్టిల్ పరిగెత్తి బతికేవాడు. ర్యూబెన్ ఆ మాట పైకి అనలేదు.

"మరి డెల్ఫియా పిన్నిని పట్టుకుంటే నోరెందుకు విప్పలేదు?"

"ఆవిణ్ణి వదిలేస్తారనుకున్నా! ఆ మేకు సంగతి లోయంతా ఎరుగుదుం. ఆ రివాల్వర్‌తో రెండు నిమిషాల్లో తొమ్మిది పేల్చడం ఎవడివల్లా కాదని ఎవరైనా చెబుతారు కదా అని..."

"ఎవడివల్లా కాదన్న సాక్ష్యం ఆ మసీ, ఆ మొండితనమే బాబాయ్. వాటిని తుడిచేసింది నువ్వే."

తన చేతుల పనితనమే ఆవిడ మెడకి ఉచ్చు బిగించిందని గ్రోవర్‌కి ఈ నిమిషం దాకా తట్టలేదు. రివాల్వర్ గొట్టం ఆయన గుండెల దాకా వచ్చింది. వాల్డెన్ తుపాకీ బయటికి తీశాడు. ర్యూబెన్ బల్ల చుట్టూ నడిచి వెళ్ళి, గొట్టానికీ గుండెకీ మధ్య తన అరచెయ్యి చాపాడు.

"నీ పెట్టె నేను ఇవాళ దింపను. రెండింటికి జడ్జి ముందు ఆవిడ నిలబడి ఉంటుంది. నీ నోటితోనే చెప్పాలి."

చివరికి చక్రం తెరుచుకున్న చప్పుడైంది. ఒక్క నొక్కు. మూడు తూటాలు ర్యూబెన్ అరచేతిలోకి జారాయి, ఒక్కటీ ఆగలేదు.

వాల్డెన్ అప్పటికే ఫోను అందుకున్నాడు. "జడ్జిగారిని పిలవండి, అర్జెంటు! నోబుల్ గారిని ఎక్కడికీ పంపొద్దు." మొదటిసారి ఆవిడ పేరు పక్కన 'గారు' వినబడింది. ఒంటిగంటా ఇరవై ఎనిమిది.

గ్రోవర్ తోలు గుడ్డ విప్పి, మడతపెట్టి, పనిముట్ల పక్కన పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"డెల్ఫియాకి ఓ మాట చెప్పు ర్యూబెన్. రివాల్వర్ తిరిగిచ్చాక ఆ మేకు తీసెయ్యమను. ఇక దాని అవసరం రాదు."

ర్యూబెన్ తలూపాడు. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో దారి పొడుగునా అతనికి అర్థం కాలేదు.